మరకలక్క బొటనవేలు

మరకలక్క కుడిచేతి బొటనవేలు ఎడమచేతి వేలికన్నా లావు. పుట్టుకతో వచ్చిందేం కాదు. ఇరవై రెండేళ్ళపాటు ఒకటే తొట్టి దగ్గర నిలబడి, పొగలు కక్కే నీళ్ళలో దుప్పట్లు, టేబులు గుడ్డలు, వంటవాళ్ళ కోట్లు నలిపి, రుద్ది, పిండి సంపాదించుకున్న వేలు అది.

లాండ్రీలో మిషన్లు లేక కాదు. మనిషి దూరేంత మిషన్లు ఆరున్నాయి. కానీ మిషన్‌కు కళ్ళు లేవు. మరకతో లోపలికి వెళ్ళిన దుప్పటి మరకతోనే బయటికి వస్తుంది. పైగా ఆ వేడికి మరక గుడ్డతో చుట్టరికం కలుపుకుని ఇంక వదలనంటుంది. అందుకని ప్రతి గుడ్డా ముందు ఈమె తొట్టి దగ్గర ఆగి వెళ్ళాలి. ఇంకు దేనికి లొంగుతుంది, తుప్పు దేనికి లొంగుతుంది, నెత్తుటికి చన్నీళ్ళెందుకు, గ్రీజుకు మరిగే నీళ్ళెందుకు అన్నది ఆమెకు కొట్టిన పిండి. చేతికి రబ్బరు తొడుగు వేసుకోమని యజమాని ఇచ్చిన జతలు అటకమీద అలాగే ఉన్నాయి. తొడుగు వేసుకుంటే మరక పోయిందో లేదో వేలికి తెలియదంటుంది. అసలు పేరు జీతం పుస్తకంలో మిగిలింది, మనుషుల నోట్లో మాత్రం మరకలక్క అయింది. మొగుడు కూడా ఒక్కోసారి నోరు జారి అలాగే పిలుస్తాడు.

ఆ లాండ్రీ ఒక పెద్ద భవనం నేలమాళిగలో ఉంది. మెట్లెక్కి పైకి వెళితే బౌలింగ్ హాలు. నున్నటి చెక్క బాటలు పన్నెండు, వాటిని లేన్లంటారు. ఒక్కో లేన్ చివర పది పిన్నులు నిలబడి ఉంటాయి. మూడు చిల్లులున్న బరువైన గుండును వేళ్ళతో పట్టుకుని, నాలుగడుగులు వేసి, దొర్లించి వాటిని పడగొట్టాలి. మొదటి దెబ్బకే పదీ పడితే స్ట్రైక్, మిగిలినవి రెండో దెబ్బకు పడితే స్పేర్. ఇలాంటివి ఆటకు పది విడతలు, వాటిని ఫ్రేములంటారు; అన్నీ స్ట్రైకులే పడితే మూడు వందలు. అంతే ఆట. అంతేగా అనుకున్నవాళ్ళు ఒకసారి ఆడి చూడాలి.

లేన్లకు నూనె రాస్తారు. ఆ నూనె గుండ్లకు అంటుతుంది, గుండ్లనుంచి టవళ్ళకు అంటుతుంది, టవళ్ళు మరకలక్క తొట్టికి వస్తాయి. ఉతికిన టవళ్ళ కట్ట రోజూ పొద్దున్నే పైకి మోసుకెళ్ళేది. హాలు యజమాని ఒకరోజు, ఊరికే చూస్తావేంటమ్మా, ఒకటి వెయ్యి అన్నాడు. వేసింది. గుండు సగం దూరం పోయి పక్క కాలవలో పడింది. రెండోదీ కాలవలోనే. మూడోది మాత్రం లేన్ అంచు దాకా వెళ్ళి, ఏదో మర్చిపోయినట్టు గిరుక్కున లోపలికి తిరిగి పిన్నుల్ని దుళ్ళగొట్టింది. దుప్పటి పిండినప్పుడు మణికట్టు తిరుగుతుంది చూడండి, అదే తిప్పుడు. దానికోసం డబ్బులు కట్టి ఏళ్ళ తరబడి నేర్చుకునేవాళ్ళుంటారని ఆమెకు అప్పుడు తెలియదు.

అప్పటికి ఆమెకు ఇరవై ఆరు. తర్వాత హాలు జట్టులో ఆడింది, పట్నం జట్టులో ఆడింది. పొద్దున్నే ఆట, తర్వాత తొట్టి, తర్వాత ఇల్లు. మొగుడు బస్సు డిపోలో టైర్లు మారుస్తాడు. ఎవరైనా అడిగితే అతను ఒకటే మాట చెప్పేవాడు: నేను చక్రాలు దొర్లిస్తాను, ఆవిడ గుండ్లు దొర్లిస్తుంది, సంసారం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. అత్తగారికి ఈ ఆట ఎప్పుడూ అంతుపట్టలేదు. నిలబెట్టినవాటిని పడగొట్టడం, పడగొట్టినవాటిని మళ్ళీ నిలబెట్టడం, దీనికి ఇంత హాలు, ఇన్ని దీపాలు ఎందుకని అడిగేది. అలా అడుగుతూనే కోడలు పోటీకి వెళ్ళే రోజు అన్నం ముందు ఆమెకే పెట్టేది.

నలభై అయిదో ఏట మరకలక్క దేశం జట్టులోకి వచ్చింది. నాలుగేళ్ళకోసారి ఎన్నో దేశాలు కలిసి ఆడుకునే పెద్ద క్రీడలు. పరుగులు, ఈతలు, కుస్తీలు, వాటి మధ్య ఒక మూల ఆడవాళ్ళ బౌలింగ్. జట్టుకు ఆరుగురు. అందులో చివరిది పుల్ల. పంతొమ్మిదేళ్ళ పిల్ల, గాలొస్తే వంగేట్టు ఉంటుంది కాబట్టి ఆ పేరు. చెయ్యి మాత్రం గట్టిది. కోచ్ గారిని అందరూ శాంతం సారు అనేవాళ్ళు. మంచికీ చెడుకీ, గెలిచినా ఓడినా, బస్సు తప్పిపోయినా ఆయన నోట వచ్చే మొదటి మాట శాంతం.

శిక్షణకు చేరిన రోజున శాంతం సారు మరకలక్క అరచేతులు తిప్పి చూశారు. పగుళ్ళు, కాయలు, గోళ్ళ పక్కన ఊడిన చర్మం. ఆయనకు కళ్ళు చెమర్చినంత పనైంది. ఈ చేతులతోనా నువ్వింత దూరం వచ్చింది అన్నారు. పోటీ అయ్యేదాకా ఇవి నీళ్ళు తాకడానికి వీల్లేదని ఆజ్ఞ వేశారు. జట్టు డాక్టరమ్మ రెండు పూటలా రాసుకొమ్మని ఒక తెల్ల క్రీము ఇచ్చింది. తిన్న కంచం తీసుకెళ్ళడానికి ఒకరు, బట్టలు ఉతకడానికి ఒకరు. మొదటి రోజు మరకలక్క తన కంచం తను కడగబోతే పుల్ల వచ్చి లాక్కుపోయింది. నాలుగో రోజుకు అలవాటు పడింది. పదో రోజుకు సుఖం తెలిసింది. నెలన్నర తిరిగేసరికి ఆమె చేతులు పెళ్ళికూతురి చేతుల్లా మెత్తబడ్డాయి. రాత్రి పడుకునేముందు వాటిని తనే ఒకసారి చూసుకుని మురిసిపోయేది.

గుండు జారడం అప్పుడే మొదలైంది.

బౌలింగ్‌లో గుండు బొటనవేలి మీద నిలబడాలి. వదిలేటప్పుడు ముందు బొటనవేలు బయటికి రావాలి, తర్వాత మిగతా రెండు వేళ్ళు దాన్ని తిప్పి పంపాలి. చిల్లు బిగువైతే వేలు ఇరుక్కుంటుంది. వదులైతే గుండు చెప్పకుండానే చేతిలోంచి దిగిపోతుంది. పడకుండా వేలితో నొక్కి పట్టుకుంటే మణికట్టు బిగుసుకుపోయి తిప్పుడు చచ్చిపోతుంది. మరకలక్క గుండ్లకు చిల్లులు తొలిచింది ఇంటిదగ్గర, ఆ లావు వేలిని కొలిచి. ఇప్పుడు వదులైతే ఏముంది, లోపల టేపు ముక్క అతికించు అన్నారు. అతికించింది. రెండోది అతికించింది. కొత్త లేన్లు కదా, కొత్త గాలి కదా, సర్దుకుంటుందిలే అనుకున్నారు. విమానం ఎక్కారు. అక్కడ పోటీవాళ్ళు గుండ్లన్నీ తూచి, కొలిచి, అంకెలు రాసుకుని ముద్ర వేశారు. ఇక చిల్లుల జోలికి పోవడానికి లేదు. టేపు ఒక్కటే దిక్కు.

మొదటి రోజు ఒంటరి ఆట. ఒక్కొక్కరికి ఆరు ఆటలు. ఇంటి దగ్గర మరకలక్క నిద్రలో ఆడినా ఆటకు నూట తొంభై అయిదు తగ్గదు. ఇక్కడ నూట అరవై ఎనిమిది వచ్చింది, తర్వాత నూట యాభై తొమ్మిది. అయిదో ఆటలో గుండు లేన్ మొదట్లో ఉన్న గీత దాటకముందే చేతిలోంచి జారి దబ్బుమని పడింది. హాలంతా తిరిగి చూసింది. పక్క లేన్ మీద ఆడుతున్న వేరే దేశం పిల్ల ఉలిక్కిపడి, పాపం, నవ్వు ఆపుకుంది. ఆ ఆటకు నూట యాభై. రెండో రోజు జంట ఆట. అయిదు టేపులు వేసుకుని వెళ్ళింది. సగం ఆటలో చర్మం టేపుకు అంటుకుని పైపొర ఊడొచ్చింది. జంటగా ఆడిన అమ్మాయి ఒక్క మాటా అనలేదు. అదే ఆమెకు ఎక్కువ కష్టమనిపించింది. రెండు తిట్లు తిడితే బాగుండేది.

ఆ సాయంత్రం శాంతం సారు వాళ్ళ గది ముందు వసారాలో కుర్చీ వేసుకుని కూర్చుని ఆమెను పిలిచారు. మిగిలింది అయిదుగురి జట్టు ఆట. ఎల్లుండి. దానికే ఈ దేశం ఆరుగురిని పంపింది, దానికే ఆమె వచ్చింది. ఆరుగురిలో ఒకరు బయట కూర్చోవాలి.

"శాంతంగా విను," అన్నారాయన. "రేపు మధ్యాహ్నం ప్రాక్టీసు ఉంది. సాయంత్రం ఆరింటికి అయిదు పేర్లు రాసివ్వాలి. నీ వేలు సర్దుకుంటే నువ్వు. లేకపోతే పుల్ల."

మరకలక్క సరే సార్ అంది. ఇంకేమంటుంది? ఆయన చెప్పినదాంట్లో తప్పు లేదు. నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ ఈ క్రీడలు వచ్చేసరికి తనకు నలభై తొమ్మిది. బయట కూర్చుని ఆడేవాళ్ళకు టవళ్ళు అందించడానికైతే ఇంత దూరం విమానం ఎక్కి రావడమెందుకు, ఆ పని ఇంటిదగ్గర చేస్తూనే ఉంది కదా.

గదిలో పుల్ల మంచం మీద కూర్చుని గోళ్ళు కొరుక్కుంటోంది. ఇద్దరిదీ ఒకటే గది. సంగతి ఆ పిల్లకూ తెలిసిపోయింది. 

"అక్కా, నాకు ఆడాలని ఉంది," అంది పుల్ల. "అబద్ధం చెప్పను. కానీ నీ వేలు బాగుండి, నేను నీకంటే బాగా ఆడి, అప్పుడు రావాలని ఉంది. ఇలా కాదు."

"ఎలా వచ్చినా తీసుకోవే. అన్నం విస్తట్లో పడ్డాక ఎవరు వడ్డించారని అడుగుతామా?" అంది మరకలక్క. అని, ఫోను తీసుకుని బయటికి వెళ్ళింది.

మొగుడు డిపోలో ఉన్నాడు, అత్తగారు ఎత్తింది. ఆవిడ నలభై ఏళ్ళు హాస్టలు వంటింట్లో అంట్లు తోమిన మనిషి. కుశల ప్రశ్నలు ఆవిడకు రావు. నేరుగా, ఎన్ని పడగొట్టావు అని అడిగింది. పడటం లేదు అత్తయ్యా, వేలు సన్నబడింది, గుండు నిలవడం లేదని చెప్పింది కోడలు. తిండి సరిగ్గా తింటున్నావా అంటే, తిండికేం, ఇక్కడ తినడమే పని అంది.

"మరి చేసే పని?"

"ఏం లేదు. కంచం కూడా కడగనివ్వట్లేదు. చేతులకు క్రీము రాస్తున్నారు."

 అది విని అత్తగారు తన ఉంగరం కథ ఎత్తుకుంది. ఈ కథ కోడలు ఎప్పుడూ వినలేదు. కాన్పుకని పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా వాళ్ళమ్మ చేత్తో చెంబు కూడా ముట్టనిచ్చేది కాదట. నెల తిరిగేసరికి వేలికున్న ఉంగరం వదులై జారిపోయేదట. ఒకసారి బియ్యం డబ్బాలో పడితే ఇంటిల్లిపాదీ మూడు రోజులు వెతికారట. మళ్ళీ వచ్చి వారం రోజులు అంట్లు తోమితే సబ్బు రాసి లాగినా ఊడేది కాదట.

"నీకు జబ్బూ లేదు, వయసూ రాలేదు," అంది అత్తగారు. "పని ఆగింది, వేలు పడుకుంది. లేపు."

 నెలన్నరగా డాక్టరమ్మ చూసింది, సారు చూశారు, తను చూసుకుంది. అందరూ టేపును చూశారు, చిల్లును చూశారు, వాతావరణాన్ని చూశారు. చేతిని సుఖపెట్టడమే చేతికి చేటని ఎవరికీ తట్టలేదు.

మర్నాడు పొద్దున్న ఆరింటికి ఆమె క్రీడాకారుల వసతి భవనాల వెనక లాండ్రీకి వెళ్ళింది. ఎక్కడుందో ఎవరినీ అడగలేదు. సబ్బు ఆవిరి వాసన పట్టుకుని వెళ్ళిపోయింది. లోపల వరసగా మిషన్లు, అంకెలు కట్టిన బట్టల సంచులు, మడతలు పెట్టే పొడుగాటి బల్ల, మూలగా ఒక స్టీలు తొట్టి. నీలం టోపీ పెట్టుకున్న ఒకావిడ ఎదురొచ్చి, ఆమె మెడలో వేలాడుతున్న ఆటగాళ్ళ కార్డు చూపించి, ఇది మీరు వచ్చే చోటు కాదన్నట్టు చెయ్యి ఊపింది. ఆవిడ భాష ఈమెకు రాదు, ఈమె భాష ఆవిడకు రాదు. మరకలక్క బయటికి వెళ్ళబోతూ ఆవిడ చేతిలో ఉన్నదాన్ని చూసి ఆగింది. తెల్ల బనియను, మెడ దగ్గర నల్లటి గ్రీజు మరక. ఎవరో సైకిళ్ళ పందెం వాళ్ళది అయ్యుంటుంది. ఆవిడ దాన్ని చన్నీళ్ళలో ముంచి రుద్దుతోంది.

మరకలక్క నాలుక చప్పరించింది. ఎక్కడైనా ఆ చప్పుడుకు అర్థం ఒకటే. బనియను తన చేతిలోకి తీసుకుని, పొడి గుడ్డతో ముందు గ్రీజు అద్ది తీసింది. అంట్లు తోమే సబ్బు చుక్క వేసి, నీళ్ళు తగలనీయకుండా బొటనవేలితో గుండ్రంగా నలిపింది. అప్పుడు వేడినీళ్ళ కుళాయి తిప్పింది. మూడు నిమిషాల్లో మెడ తెల్లబడింది. నీలం టోపీ ఆవిడ బనియను వెలుగుకు పట్టి చూసి, ఇంకేం మాట్లాడకుండా వెళ్ళి ఒక సంచి ఈడ్చుకొచ్చి తొట్టి పక్కన కుమ్మరించింది. అన్నీ మరకలవే. పక్కకు తీసి పెట్టుకుని దిగాలుపడి ఉన్నట్టుంది.

ఏడున్నరకు పుల్ల వెతుక్కుంటూ వచ్చేసరికి మరకలక్క చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. ముఖం మాత్రం నెలన్నర తర్వాత మొదటిసారి ఆమె ముఖంలా ఉంది. సంగతి విని పుల్లకు ఒకటి అర్థం కాలేదు. వేడినీళ్ళే కావాలంటే గదిలో బకెట్లో చెయ్యి పెట్టుకుని కూర్చోవచ్చుగా అంది.

"రాత్రి అదీ చేశా. ముంచితే చెయ్యి నానుతుంది. ఉతికితేనే లేస్తుంది," అంది మరకలక్క. "నిలబడి చూసే బదులు ఆ చివర పట్టుకో, ఇది ఒక్కదాన్నే పిండలేను."

పుల్ల పట్టుకుంది. రెండు తిప్పులకే బొబ్బలొస్తున్నాయని వదిలేసింది.

మధ్యాహ్నం ప్రాక్టీసుకు ముందు మళ్ళీ గంటసేపు తొట్టి. హాలుకు వెళ్ళాక మరకలక్క చిల్లులోంచి టేపులన్నీ పీకి, కొత్తవి రెండే వేసింది. వేలు లోపల పెట్టి గుండును కిందికి వేలాడదీసింది. నొక్కలేదు, బిగించలేదు. గుండు నిలబడింది. ఈ జారుడు పట్టుకున్నాక అది అలా నిలబడటం ఇదే మొదటిసారి. నాలుగడుగులు వేసి వదిలింది. గుండు అంచు దాకా వెళ్ళి, గిరుక్కున తిరిగి, పదింటినీ దుళ్ళగొట్టింది. శాంతం సారు రాసుకుంటున్న పుస్తకం మూశారు. ఇంకొకటి వెయ్యమన్నారు. వేసింది. ఇంకొకటి అన్నారు. అలా పదిహేను వేయించి, ఏం చేశావని అడిగారు.

దాచడానికి ఏముంది, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆయన విన్నారు. ఆమె అరచేతులు మళ్ళీ ఒకసారి తిప్పి చూశారు. ఎర్రగా, ఉబ్బి, నీళ్ళు తాగిన కాయల్తో ఉన్నాయి.

"అయితే నిన్ను చెడగొట్టింది నేనన్నమాట," అన్నారు మెల్లగా.

"మీరు సుఖపెట్టారు సార్. నాకే పడలేదు."

ఆరింటికి అయిదు పేర్లు వెళ్ళాయి. మూడోది మరకలక్కది. పుల్ల ఆ రాత్రి ముసుగు తన్ని పడుకుంది. ఏడ్చిందో ఏమో తెలియదు. తెల్లారి ఆరింటికి మాత్రం మరకలక్క లేచి చూసేసరికి చెప్పులు వేసుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. పిండను, కానీ మోస్తాను అంది.

జట్టు ఆట పొద్దున మూడు ఆటలు, మధ్యలో రెండు గంటలు విశ్రాంతి, మధ్యాహ్నం మూడు ఆటలు. పదహారు దేశాలు. పొద్దున మరకలక్కకు రెండు వందల మూడు, నూట తొంభై ఒకటి, రెండు వందల పన్నెండు వచ్చాయి. ఒక్కసారి కూడా గుండు జారలేదు. మూడు ఆటలు అయ్యేసరికి జట్టు అయిదో స్థానంలో ఉంది. మూడో స్థానం వాళ్ళు అందేంత దూరంలోనే ఉన్నారు. జట్టువాళ్ళు భోజనానికి లేచారు. మరకలక్క లేవలేదు. బొటనవేలు గుండులో పెట్టి చూసి, తీసి, మళ్ళీ పెట్టి చూసింది. హాల్లో ఏసీ చలి. తొట్టి దగ్గర్నుంచి వచ్చి నాలుగు గంటలైంది. వేలు మెల్లమెల్లగా మళ్ళీ పడుకుంటోంది.

లాండ్రీ అక్కడికి బస్సులో ముప్పావు గంట. వెళ్ళి రావడమే సరిపోతుంది. ఈ సంగతి వినగానే శాంతం సారు ఇంకేమీ అడగకుండా వెళ్ళి, హాలు ఊడ్చేవాళ్ళ దగ్గర బకెట్ అడిగి తెచ్చారు. టీలు కాచే చోట మరిగే నీళ్ళు పట్టించారు. పుల్ల పరుగెత్తి జట్టువాళ్ళ అదనపు బనియన్లన్నీ పోగుచేసి తెచ్చింది. బట్టలు మార్చుకునే గదిలో, బల్లల మధ్య, మరకలక్క గొంతుక్కూర్చుని ఉతకడం మొదలుపెట్టింది. రెండు బనియన్లు ఉతికి ఆగిపోయింది.

లాభం లేదు సార్ అంది. ఇవి ఇస్త్రీ చేసి పెట్టిన బట్టలు, చెయ్యి వీటి మీద ఊరికే జారిపోతోంది. మరక కనపడితే తప్ప వేలు నొక్కదు, అది దాని అలవాటు. ఇరవై రెండేళ్ళుగా శుభ్రంగా ఉన్న గుడ్డను ఉతకడం దానికి ఎవరూ నేర్పలేదు.

మరక కోసం అందరూ చుట్టూ చూశారు. ఆ హాల్లో ఉన్నవాళ్ళంతా కడిగిన ముత్యాల్లా ఉన్నారు, అంత పెద్ద పోటీకి మాసిన బట్టల్తో ఎవరొస్తారు? శాంతం సారు ఆ రోజుకని కొత్త తెల్ల చొక్కా వేసుకొచ్చారు. మడతలు కూడా ఇంకా పోలేదు. ఆయన బల్ల మీదున్న కాఫీ కప్పు తీసుకున్నారు. తాగబోతున్నారనుకున్నారు అందరూ. ఆయన దాన్ని గుండెల మీద పోసుకున్నారు. నింపాదిగా, ఎడమ జేబు మీదొక ధార, కుడివైపొక ధార, మిగిలింది చేతుల అంచులకు. తర్వాత చొక్కా విప్పి, జట్టు కోటు తొడుక్కుని, మెడ దాకా జిప్పు లాక్కుని, చొక్కా ఆమె చేతిలో పెట్టారు.

"చల్లారిపోకముందే కానీ," అన్నారు.

డాక్టరమ్మ గోడవైపు తిరిగి నిలబడింది. భుజాలు కదులుతున్నాయి. పుల్ల నేల మీద కూలబడి పొట్ట పట్టుకుంది. రెండు రోజులుగా బిగుసుకుపోయి ఉన్న జట్టు జట్టంతా ఒక్కసారి వదులైంది. మరకలక్క మాత్రం నవ్వలేదు. ఆమె కళ్ళు మరక మీద పడ్డాయి. పడ్డాక ఇంక వేరే లోకం ఉండదు. కాఫీకి ముందు చల్లనీళ్ళు వెనకనుంచి పట్టాలి, తర్వాత సబ్బు, తర్వాతే వేడి. కొత్త బట్ట కాబట్టి దారం దెబ్బతినకుండా నలపాలి. జేబు కుట్టు దగ్గర దిగినదానికి ఇరవై నిమిషాలు పట్టింది. అది పోయేసరికి పుల్ల ఇంకో కప్పుతో సిద్ధంగా ఉంది. ఈసారి తన బనియను మీద పోసుకుంది. తర్వాత జట్టులో అందరికంటే పెద్దమనిషిలా ఉండే అమ్మాయి, జంట ఆటలో ఒక్క మాటా అననిది, అడక్కుండానే టమాటా సాసు తెచ్చుకుని భుజం మీద రాసుకుంది.

మధ్యాహ్నం ఆట మొదలయ్యేసరికి ఆ గదిలో తాడు మీద పదకొండు గుడ్డలు ఆరుతున్నాయి. మరకలక్క వేలు గుండులో సరిగ్గా కూర్చుంది.

నాలుగో ఆటలో నూట ఎనభై ఎనిమిది. లేన్ల మీద నూనె అటూ ఇటూ జరిగింది, దాన్ని కనిపెట్టడానికి అందరికీ సమయం పట్టింది. అయిదో ఆటలో నూట తొంభై ఆరు. ఆట ఆటకూ మధ్య ఆమె, ఆడే చోటుకు కట్టిన అడ్డుతాడు ఇవతలికి వచ్చి బకెట్లో ఒక తుండుగుడ్డ పిండి వెళ్ళేది. మోసుకొచ్చింది, నీళ్ళు మార్చింది పుల్ల. పోటీ అధికారి ఒకాయన వచ్చి ఏమిటిదని సైగ చేసి అడిగి, బకెట్లోకి తొంగిచూసి, తన నియమాల పుస్తకం రెండుసార్లు తిరగేశాడు. గుడ్డ పిండకూడదని ఎక్కడా రాసి లేదు. ఆడే చోట ఒక్క నీటిచుక్క పడకూడదని మాత్రం గట్టిగా చెప్పి వెళ్ళాడు.

ఆరో ఆట చివరికి వచ్చేసరికి మూడో స్థానం చేజారిందని అందరికీ తెలుసు. పై దేశం వాళ్ళు వరసగా స్ట్రైకులు వేసుకుంటూ వెళ్ళిపోయారు. నాలుగో స్థానం కోసం మాత్రం ఇంకో జట్టుతో నువ్వా నేనా అని పోటీ పడుతున్నారు. మరకలక్క వంతు వచ్చింది. చివరి ఫ్రేములో స్ట్రైక్ వేస్తే ఇంకో రెండు గుండ్లు వేయనిస్తారు. ఆమె తువ్వాలుతో చెయ్యి పూర్తిగా తుడుచుకుంది. వేలు పెట్టింది. లెక్కలేమీ తలుచుకోలేదు. గుండు ఎప్పుడు దిగిపోతుందోనన్న భయం లేకుండా నడవడం ఎంత హాయిగా ఉందో అని మాత్రం అనుకుంది. మొదటి గుండుకు పదీ పడ్డాయి. రెండోదానికీ పడ్డాయి. మూడోదానికి తొమ్మిది పడి, ఒకటి ఊగి ఊగి, ఆలోచించుకుని, నిలబడిపోయింది. పోనీలే, దానికీ ఒక పట్టుదల ఉంటుంది కదా అనుకుంటూ ఆమె వెనక్కి వచ్చింది. ఆ ఆటకు రెండు వందల పదిహేడు. జట్టుకు నాలుగో స్థానం.

పతకాలు ముగ్గురికే. గెలిచినవాళ్ళు మెట్లెక్కి నిలబడితే వీళ్ళు కింద నిలబడి చప్పట్లు కొట్టారు. మరకలక్క చప్పట్లు మరీ గట్టిగా మోగుతున్నాయని పుల్ల మోచేత్తో పొడిచింది. తర్వాతి క్రీడలకు తనే ముందుంటానని, అక్క వెనక బకెట్ మొయ్యాలని కూడా అంది. మరకలక్క ఒప్పుకుంది. అయితే బకెట్ మోసేవాళ్ళకు కాఫీ ముందు తాగే హక్కు ఉండాలని షరతు పెట్టింది.

బస్సు కోసం ఎదురుచూస్తూ శాంతం సారు బల్ల మీద కూర్చుని ఇంటికి పంపాల్సిన కాగితాలు నింపుతున్నారు. ఒక్కొక్కరి పేరు, ఒక్కొక్క ఆట, వచ్చిన అంకెలు. అంకెలు తగ్గినచోట కారణం రాయడానికి ఒక గడి ఉంటుంది. మరకలక్క కాగితంలో మొదటి రెండు రోజుల దగ్గర ఆయన కలం ఆగింది. ఆమె పక్కనే కూర్చుని ఉంది. వాతావరణమని రాసేయండి సార్, ఎవరూ అడగరు అంది. ఆయన తల అడ్డంగా ఊపారు. అబద్ధం రాస్తే వచ్చేసారి ఇంకో కోచ్ వచ్చి ఇంకో అమ్మాయి చేతులకు క్రీము రాయిస్తాడన్నారు. కాసేపు కలం కొరికి, ఆ గడిలో ఒక్క మాట రాసి ఆమెకు చూపించారు.

విశ్రాంతి.

మరకలక్క చదువుకుంది. చదువు ఆరో తరగతితో ఆగినా ఆ మాట బాగానే చదవగలిగింది. బాగుంది సార్, అక్షరం ముత్యంలా ఉంది అంది. తర్వాత ఇందాకటి నుంచి కళ్ళు పోతున్న చోటికి చెయ్యి చాచి, ఆయన కోటు అంచున పడ్డ ఇంకు చుక్కను చూపించి, ఆరకముందే విప్పి ఇమ్మంది.